పెద్ద ఇంజిన్ ఎక్కించాక గేర్‌బాక్స్ ఎందుకు కాలిపోతుంది?

అమెరికాలో షెవర్లే ఎస్-10 అనే చిన్న పికప్ తయారీ 2004లో ఆగిపోయింది. దాన్ని విప్పి బిగించుకునేవాళ్ల సరదా మాత్రం ఇంకా ఆగలేదు. తేలికైన బండి, వెనక చక్రాలకు పవర్, కింద దృఢమైన ఫ్రేము, బానెట్ కింద కాస్త చోటు. చాలా ఎస్-10లలో 4.3 లీటర్ల వి6 (ఆరు సిలిండర్ల) ఇంజిన్, దాని వెనక 4ఎల్60ఇ అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్ ఉంటాయి. ఆ వి6ను దించేసి, యాక్సిడెంట్‌లో నుజ్జయిన సిల్వరాడో పికప్ నుంచి తీసిన 5.3 లీటర్ల వి8ను (ఎనిమిది సిలిండర్లది) ఎక్కించడం అక్కడ చాలా మామూలు పని. ఇంజిన్ మౌంట్ల నుంచి వైరింగ్ దాకా రెడీమేడ్ కిట్లు అమ్ముతారు. జనరల్ మోటార్స్ 1997లో కార్వెట్‌తో మొదలుపెట్టిన ఎల్ఎస్ ఇంజిన్ కుటుంబానికి చెందినది కాబట్టి దీన్ని ఎల్ఎస్ స్వాప్ అంటారు.

సిల్వరాడోలో ఆ వి8 వెనక ఉండేది కూడా 4ఎల్60ఇ గేర్‌బాక్సే. ఇక్కడే చాలామంది ఆశపడతారు. పేరు ఒకటే, బయటికి కనిపించే డబ్బా కూడా దాదాపు ఒకటే, ఎస్-10లో ఉన్నదాన్నే ఉంచేసి బోల్టులు బిగిస్తే సరిపోతుంది కదా అని. కొన్నాళ్లు సరిపోతుంది కూడా. ఆ తర్వాత ఒకరోజు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే, రెండో గేరు నుంచి మూడుకు మారేటప్పుడు ఇంజిన్ ఒక్కసారిగా అరుస్తుంది, బండి మాత్రం ముందుకు దూకదు. కింద ఆయిల్ పాన్ విప్పితే ఆయిల్ నల్లగా, మాడిన వాసనతో ఉంటుంది.

పేరులోని అక్షరాలకు అర్థం ఉంది. 4 అంటే ముందుకు నాలుగు గేర్లు, ఎల్ అంటే బండి పొడవునా అమర్చేది, 60 అంటే బలాన్ని బట్టి ఇచ్చిన శ్రేణి సంఖ్య, ఇ అంటే ఎలక్ట్రానిక్ కంట్రోల్. 1982లో 700ఆర్4 పేరుతో వచ్చిన గేర్‌బాక్స్‌కు 1990లో 4ఎల్60 అని పేరు మార్చారు, 1993 నుంచి ఎలక్ట్రానిక్ కంట్రోల్ చేర్చారు. కానీ అదే పేరుతో వచ్చిన అన్ని పెట్టెల లోపల ఒకే సరుకు ఉండదు. ముందు కూర్చునే ఇంజిన్‌ను బట్టి కంపెనీ క్లచ్ ప్లేట్ల సంఖ్య, బ్యాండును బిగించే పిస్టన్ సైజు, ఆయిల్‌ను దారి మళ్లించే వాల్వ్ బాడీలోని స్ప్రింగులు మార్చేది. ఎస్-10లోని వి6 టార్క్, అంటే తిప్పే బలం, దాదాపు 340 న్యూటన్ మీటర్లు. 5.3 వి8ది సంవత్సరాన్ని బట్టి 430 నుంచి 450 దాకా. అంటే పాతికకు పైగా శాతం ఎక్కువ, అదీ ఇంజిన్‌ను ముట్టుకోకుండా కంపెనీ ఇచ్చినట్టే వాడితే. దానికి గాలిని బలవంతంగా లోపలికి నెట్టే టర్బో తగిలిస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది.

పట్టు లెక్క

మాన్యువల్ గేర్‌బాక్స్‌లో పళ్లు పళ్లు కలిసి పవర్ వెళుతుంది. పవర్ మరీ ఎక్కువైతే పన్ను విరుగుతుంది, షాఫ్ట్ మెలి తిరుగుతుంది. ఆటోమేటిక్‌లోనూ గేర్లున్నాయి, నడిమి గేరు చుట్టూ చిన్న గేర్లు తిరిగే ప్లానెటరీ గేర్లు, కానీ అవి ఎప్పుడూ ఒకదానికొకటి తగులుకునే ఉంటాయి. గేరు మారడమంటే ఆ సెట్టులో ఏ భాగాన్ని కదలకుండా పట్టుకోవాలి, ఏ భాగాన్ని ఇంజిన్ వైపు షాఫ్ట్‌తో కలపాలి అన్నది మారడమే. ఆ పట్టుకునే పని చేసేవి ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్ ప్లేట్లు, డ్రమ్ము చుట్టూ బిగిసే ఒక బ్యాండు, ఒకే వైపు తిరగనిచ్చే రోలర్ క్లచ్చులు. ప్లేట్లను, బ్యాండును ఆయిల్ ప్రెషరే నొక్కి పెడుతుంది.

ఒక క్లచ్ ఎంత టార్క్‌ను జారకుండా మోయగలదన్నది నాలుగు విషయాల గుణకారం: ప్లేటు మీది పదార్థానికి ఎంత రాపిడి ఉంది, రాపిడి ముఖాలు ఎన్ని, వాటిని ఎంత బలంతో నొక్కుతున్నాం, నడిమి నుంచి ఆ ముఖం ఎంత దూరంలో ఉంది. నాలుగోది డ్రమ్ము సైజుతో ముడిపడింది కాబట్టి మన చేతిలో లేదు. మిగిలిన మూడింటితోనే ఆడుకోవాలి. ఆరు ఫ్రిక్షన్ ప్లేట్ల ప్యాక్‌లో 12 రాపిడి ముఖాలుంటాయి. ఎనిమిది ప్లేట్లు పెడితే 16, అంటే పట్టు మూడో వంతు పెరిగింది. ప్రెషర్ 20 శాతం పెంచితే పట్టు కూడా దాదాపు అంతే పెరుగుతుంది. బలపరచిన గేర్‌బాక్స్ అని అమ్మేవాటి వెనక ఉన్న అసలు గణితం చాలావరకు ఇంతే.

బావిలో నిండు చేద పైకి లాగేటప్పుడు తాడు గట్టిగా పట్టుకున్నంతసేపూ అరచేతికి ఏమీ కాదు, తాడు జారిందా చర్మం ఊడుతుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ చావు కూడా ఎక్కువగా ఇలాగే ఉంటుంది. విరిగి పోయేవి తక్కువ, జారి కాలిపోయేవి ఎక్కువ.

ఒక చిన్న లెక్క వేద్దాం. క్లచ్ మీద 440 న్యూటన్ మీటర్ల టార్క్ ఉంది, గేరు మారే అర సెకనులో అది సగటున నిమిషానికి 1,000 చుట్ల తేడాతో జారింది అనుకోండి. పుట్టే వేడి దాదాపు 23 కిలోజౌళ్లు. ఒక కిలో ఉక్కును సుమారు 47 డిగ్రీలు వేడెక్కించడానికి అది చాలు. ప్యాక్‌లోని ఉక్కు ప్లేట్లు ఆ వేడిని మింగి, ఆయిల్‌కు ఇచ్చేసి, తర్వాతి షిఫ్టుకు చల్లబడాలి. పట్టు చాలక అదే షిఫ్ట్ ఒకటిన్నర సెకను సాగితే వేడి మూడింతలు. ఫ్రిక్షన్ ప్లేటు మీద ఉండేది గట్టి కాగితం లాంటి పదార్థం, రెండు మూడు సార్లు ఇలా ఒళ్లు మరిచి తొక్కితే మాడిపోతుంది. మాడిన ప్లేటుకు రాపిడి తగ్గుతుంది, రాపిడి తగ్గితే ఇంకా జారుతుంది. అందుకే ఇవి నెమ్మదిగా అరగవు. బాగానే ఉంది అనుకుంటుండగా ఒక్క సాయంత్రంలో పోతాయి.

3-4 క్లచ్ గోల

4ఎల్60ఇ గురించి ఏ మెకానిక్‌ను అడిగినా మొదట వచ్చే మాట 3-4 క్లచ్. మూడో గేరులోనూ నాలుగో గేరులోనూ పట్టుకోవాల్సింది ఇదే. ఒకే అల్యూమినియం డ్రమ్ములో ఫార్వర్డ్ క్లచ్, ఓవర్‌రన్ క్లచ్, ఈ 3-4 క్లచ్ మూడూ ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుని ఉంటాయి. దానికి దొరికే చోటు కొంచెమే. హైవే మీద గంటల తరబడి పనిచేసేదీ అదే, ఓవర్‌టేక్ చేస్తూ గట్టిగా తొక్కినప్పుడు దెబ్బ తగిలేదీ దానికే.

మొదట తట్టే పరిష్కారం ఎక్కువ ప్లేట్లు పెట్టడం. మార్కెట్‌లో ఏడు, ఎనిమిది, తొమ్మిది ప్లేట్ల సెట్లు దొరుకుతాయి. అయితే డ్రమ్ము లోతు పెరగదు కదా. ప్లేట్లు పెరిగాయంటే ఒక్కొక్కటి పలచనైందన్నమాట, మధ్యలోని ఉక్కు ప్లేట్లతో సహా. వేడిని మింగేది ఆ ఉక్కే కాబట్టి, పలచబడిన కొద్దీ త్వరగా వేడెక్కి వంకర పోతుంది, మీద నీలి మచ్చలు పడతాయి. ఒక చేత్తో పట్టు పెంచి ఇంకో చేత్తో వేడి తట్టుకునే శక్తి తగ్గించినట్టే. దీన్ని తప్పించుకోవడానికి కొన్ని సెట్లలో ప్రతి ప్లేటుకూ ఒక వైపే ఫ్రిక్షన్, రెండో వైపు వట్టి ఉక్కు ఉంచుతారు. అప్పుడు ప్రతి ప్లేటూ పట్టుకునే పని, వేడి మింగే పని రెండూ చేస్తుంది. కట్టేవాళ్లలో దీని మీద వాదనలు ఎప్పటికీ తెగవు. రోడ్డు మీద నడిచే బండికి తొమ్మిది పలచటి ప్లేట్ల కన్నా ఏడో ఎనిమిదో మంచి ప్లేట్లు, తగిన మందం ఉన్న ఉక్కు, సరైన ఖాళీ ఉంచడమే మేలని నా అభిప్రాయం. తొమ్మిది ప్లేట్ల సంఖ్య ప్రకటనలో బాగుంటుంది.

ఆ ఖాళీ సంగతి. ప్యాక్ వదులుగా ఉన్నప్పుడు ప్లేట్ల మధ్య మొత్తం మీద దాదాపు ఒక మిల్లీమీటరు ఖాళీ ఉండేలా చూస్తారు. ఎక్కువైతే పిస్టన్ దూరం కదలాల్సి వచ్చి షిఫ్ట్ ఆలస్యమవుతుంది. తక్కువైతే క్లచ్ వదిలేసినప్పుడు కూడా ప్లేట్లు రాసుకుంటూ ఉండి, ఏ గొడవా లేని రెండో గేరులోనే వేడెక్కుతాయి. ఫీలర్ గేజ్ పెట్టి కొలిచి, చివరి ప్రెషర్ ప్లేటు మందం మార్చి సరిచేయాలి. కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లను బిగించే ముందు ఆయిల్‌లో అరగంటయినా నానబెట్టాలి. పొడిగా బిగిస్తే మొదటి షిఫ్ట్‌లోనే గీతలు పడతాయి.

ఇన్ని చేసినా కొందరికి అదే క్లచ్ మళ్లీ కాలిపోతుంది. కారణం చాలాసార్లు క్లచ్‌లో ఉండదు. మూడో గేరు పడాలంటే రెండు పనులు ఒకేసారి జరగాలి: రెండో గేరును పట్టుకున్న 2-4 బ్యాండు వదలాలి, 3-4 క్లచ్ పట్టాలి. ఈ రెండు పనులూ ఒకే ఆయిల్ చేస్తుంది. 3-4 క్లచ్‌కు వెళ్లే ఆయిలే ఇంకో దారిలో, బ్యాండును బిగించే సర్వో పిస్టన్ వెనక్కి వెళ్లి బ్యాండును వదిలిస్తుంది. ఆ దారిలో ఎక్కడ కారినా క్లచ్‌కు ప్రెషర్ తగ్గుతుంది. సర్వో సీలు పాతదైతే కారుతుంది. కేసులో, అంటే గేర్‌బాక్స్ బయటి డబ్బాలో, మూడో గేరు అక్యుములేటర్ (షిఫ్ట్‌ను మెత్తబరిచే భాగం) దారిలో ఒక చిన్న చెక్ బాల్ గొట్టం ఉంటుంది, అది అరిగితే కారుతుంది. డ్రమ్ము షాఫ్ట్ మీది టెఫ్లాన్ రింగులు సరిగ్గా కూర్చోకపోతే కారుతుంది. పాత ప్లేట్లు తీసి కొత్తవి వేసి మూసేసే మెకానిక్‌కు ఇవేవీ కనపడవు. గాలి పెట్టి చూసే మెకానిక్‌కు వినపడతాయి. కంప్రెసర్ గాలిని ఒక్కో ఆయిల్ రంధ్రంలోకి వదిలితే క్లచ్ 'టక్' మని పట్టుకోవాలి. ఆ శబ్దం బదులు బుస్సుమన్నా, గాలి ఆగకుండా పోతూ ఉన్నా ఎక్కడో దారి ఉందన్నమాట. నన్నడిగితే, గేర్‌బాక్స్ ఇచ్చే షాపును 'ఎన్ని ప్లేట్లు వేశారు' అని కాకుండా 'కేసులో చెక్ బాల్ మార్చారా, సర్వోకు గాలి పరీక్ష చేశారా' అని అడగాలి. జవాబులోనే వాళ్ల పని తెలిసిపోతుంది.

నిజంగా విరిగేవి

విరిగేవి కొన్ని ఉన్నాయి. ఒక బండి ఒకటి, మూడు గేర్లలో చక్కగా నడుస్తుంది. రెండు లేదు, నాలుగు లేదు, రివర్స్ లేదు. ఈ లక్షణం చెబితే చాలు, తెలిసినవాళ్లు విప్పకుండానే సన్ షెల్ పోయిందంటారు. ఇది పలచటి ఉక్కు గిన్నె ఆకారంలో ఉండి వెనక ప్లానెటరీ సెట్టులోని నడిమి గేరును, అంటే సన్ గేరును, పట్టుకుంటుంది. రెండు, నాలుగు గేర్లలో బ్యాండు దీన్ని ఆపి ఉంచుతుంది, రివర్స్‌లో ఇదే తిప్పుతుంది. ఒకటి, మూడు గేర్లలో దీనికి పనేమీ లేదు, అందుకే అవి మిగిలాయి. మెడ దగ్గర చిట్లడం, లోపలి పళ్లు అరిగి జారిపోవడం దీనికి పాత జబ్బు. మందమైన, గట్టిపరచిన ఉక్కుతో చేసిన షెల్ దొరుకుతుంది, ఖర్చు పెద్దదేమీ కాదు. గేర్‌బాక్స్ ఎలాగూ విప్పాక దీన్ని పాతదే ఉంచేస్తే అది పొదుపు అనిపించుకోదు.

ముందు డ్రమ్ములో ఉక్కు షాఫ్ట్‌ను అల్యూమినియంలోకి నొక్కి ఉంచుతారు. టార్క్ పెరిగితే ఆ జాయింట్ వదులవుతుంది. దాని చుట్టూ ఉక్కు కాలర్ వేసి బలపరుస్తారు, లేకపోతే గట్టి డ్రమ్ము కొంటారు. ప్లానెటరీ సెట్టులో మామూలుగా నాలుగు చిన్న గేర్లుంటాయి. జనరల్ మోటార్స్ స్వయంగా 4ఎల్65ఇ అనే గట్టి రకంలో వాటిని ఐదు చేసింది. 6.0 లీటర్ల ఎల్‌క్యూ9 ఇంజిన్ 380 పౌండ్-ఫుట్ల టార్క్ ఇస్తుంది, అంటే సుమారు 515 న్యూటన్ మీటర్లు. దాని వెనక పెట్టింది ఈ 4ఎల్65ఇనే. ఆ ఐదు గేర్ల సెట్లను 4ఎల్60ఇలో వాడుకోవచ్చు.

మొదటి గేరులో కేసుకు ఆనుకుని పనిచేసే లో రోలర్ క్లచ్ ఉంటుంది. టైర్లు గిర్రున తిరిగి, హఠాత్తుగా రోడ్డును పట్టుకున్నప్పుడు దానికి దెబ్బ తగులుతుంది. లీవర్‌ను 1లో ఉంచి బయలుదేరితే లో-రివర్స్ క్లచ్ కూడా పట్టుకుని ఆ భారాన్ని పంచుకుంటుంది. పైసా ఖర్చు లేని జాగ్రత్త ఇది.

గేర్ల నిష్పత్తుల గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. మొదటిది 3.06, రెండోది 1.63, మూడోది 1, నాలుగోది 0.70. ఒకటికీ రెండుకూ మధ్య పెద్ద గెంతు. 6,000 ఆర్‌పిఎం దగ్గర ఒకటి నుంచి రెండుకు మారితే ఇంజిన్ 3,200 దగ్గర పడుతుంది. ఆ కొద్ది క్షణాల్లో ఇంజిన్‌లో తిరిగే బరువంతా సగానికి నెమ్మదించాలి, ఆ శక్తి మొత్తం 2-4 బ్యాండు మీద పడుతుంది. అందుకే కార్వెట్ కోసం చేసిన పెద్ద సర్వో పిస్టన్‌ను మిగతా బండ్లలో కూడా వేసుకుంటారు. పిస్టన్ విస్తీర్ణం ఎక్కువైతే అదే ప్రెషర్‌కు బ్యాండు గట్టిగా బిగుస్తుంది. వెడల్పాటి బ్యాండు వేస్తే ఇంకా మంచిది. ఇవి రెండూ చవక.

ఇంజిన్ ఎంత తోస్తోందో గేర్‌బాక్స్‌కు ఎవరు చెబుతారు?

ఇంజిన్ మార్చినవాళ్లలో ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే, పార్టుల దగ్గర కాదు. ఆటోమేటిక్ ఎప్పుడూ పూర్తి ప్రెషర్‌తో పనిచేయదు. నెమ్మదిగా పోతున్నప్పుడు తక్కువ ప్రెషర్ చాలు, షిఫ్ట్ మెత్తగా ఉంటుంది. 4ఎల్60ఇలో ఐడిల్ దగ్గర లైన్ ప్రెషర్ (గేర్‌బాక్స్‌లోని ప్రధాన ఆయిల్ ప్రెషర్) సుమారు 60 పిఎస్ఐ, పూర్తిగా తొక్కితే 170 దాటుతుంది. ఎప్పుడు ఎంత ఉండాలో తేలాలంటే ఇంజిన్ ఎంత గట్టిగా తోస్తోందో గేర్‌బాక్స్‌కు తెలియాలి.

పాత 700ఆర్4లో ఆ కబురు ఒక కేబుల్ మోసుకెళ్లేది. టివి కేబుల్ అనేవారు, టివి అంటే థ్రాటిల్ వాల్వ్. అది కార్బురేటర్ లింకేజ్ నుంచి గేర్‌బాక్స్‌కు వచ్చేది. వేరే కార్బురేటర్ వేసి, కేబుల్ కొలత తప్పితే, ఇంజిన్ పూర్తి బలంతో తోస్తున్నా గేర్‌బాక్స్ 'కాలు సగమే ఉంది' అనుకుని సగం ప్రెషరే ఇచ్చేది. అలా కొత్తగా కట్టిన గేర్‌బాక్సులు కూడా కొద్ది దూరానికే కాలిపోయాయి. ఆ మోడల్‌కు వచ్చిన చెడ్డపేరులో మంచి భాగం ఆ కేబుల్‌దే.

4ఎల్60ఇలో కేబుల్ పోయి కంప్యూటర్ వచ్చింది. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని బట్టి కంప్యూటర్ టార్క్ ఎంతో అంచనా కడుతుంది, ప్రెషర్ కంట్రోల్ సొలెనాయిడ్‌కు (కరెంటుతో కదిలే వాల్వ్) అందుకు తగిన కరెంటు పంపుతుంది. చిత్రమేమిటంటే కరెంటు తగ్గితే ప్రెషర్ పెరుగుతుంది. కరెంటు అసలే లేకపోతే పూర్తి ప్రెషర్. వైరు తెగినా క్లచ్చులు కాలిపోకూడదని ఇలా పెట్టారు. షిఫ్ట్ సొలెనాయిడ్ల తర్కం కూడా అలాంటిదే, రెండూ ఆగిపోతే పడేది మూడో గేరు. ప్లగ్గు ఊడిన బండి ధడాలున పట్టుకుంటూ మూడో గేరులోనే ఇంటికి చేరుతుంది.

ఇప్పుడు స్వాప్ సంగతి చూడండి. టర్బో పెట్టిన ఇంజిన్‌లోకి వెళ్లే గాలి సెన్సర్ కొలతను మించిపోతుంది. దాన్ని సర్దడానికి ట్యూనర్లు కంప్యూటర్‌లో గాలి అంకెలను సగానికి తగ్గించి, ఇంధనం అంకెలనూ అదే దామాషాలో మారుస్తారు. ఇంజిన్ చక్కగా నడుస్తుంది. కానీ టార్క్ కూడా సగమే అని కంప్యూటర్ నమ్ముతుంది, గేర్‌బాక్స్‌కు అందుకు తగ్గ ప్రెషరే పంపుతుంది. నలభై ఏళ్ల నాటి కేబుల్ తప్పే, ఈసారి లాప్‌టాప్‌తో చేశారు. ట్యూనింగ్ చేసేవాడు ఇంజిన్ పట్టికలతో పాటు గేర్‌బాక్స్ ప్రెషర్ పట్టికలు కూడా తెరిచి సరిచేయాలి. లేకపోతే తొమ్మిది కాదు, పన్నెండు ప్లేట్లు వేసినా నిలవవు.

మెకానికల్‌గా ప్రెషర్ పెంచే దారి కూడా ఉంది. పంపులోని ప్రెషర్ రెగ్యులేటర్ వెనక బూస్ట్ వాల్వ్ ఉంటుంది. దాని వ్యాసం పెద్దదైతే సొలెనాయిడ్ ఇచ్చే అదే సంకేతానికి లైన్ ప్రెషర్ ఎక్కువ పుడుతుంది. షిఫ్ట్ కిట్లలో ఇది మామూలుగా వస్తుంది. కానీ దీనికీ హద్దుంది. ప్రెషర్ మరీ పెంచితే పంపు వేన్ల రింగులు విరుగుతాయి, సీళ్లు కారతాయి, ప్రతి షిఫ్టూ గుద్దినట్టుంటుంది. గట్టిపరచిన రింగులు ముందు వేసుకున్నాకే ఆ జోలికి పోవాలి. ఇంకో విషయం, వాల్వ్ బాడీ అల్యూమినియం, అందులో అటూ ఇటూ కదిలే వాల్వులు గట్టివి. లక్ష కిలోమీటర్లు దాటాక రంధ్రాలు అరిగి ఆయిల్ పక్కలకు కారుతుంది. ఎక్కువ ప్రెషర్ అడిగి, అరిగిన రంధ్రాల గుండా పంపితే చేరాల్సిన చోటికి చేరదు. వాక్యూమ్ పెట్టి ఒక్కో రంధ్రం పరీక్షించడం విసుగు పని, అందుకే చవక రీబిల్డులలో ముందు ఎగిరిపోయేది అదే.

'టార్క్ మేనేజ్‌మెంట్ తీసేయండి' అనే మాట ట్యూనింగ్ సలహాల్లో తరచుగా వినిపిస్తుంది. షిఫ్ట్ జరిగే క్షణంలో కంప్యూటర్ స్పార్క్‌ను వెనక్కి లాగి ఇంజిన్ బలాన్ని కాస్త తగ్గిస్తుంది. తీసేస్తే షిఫ్ట్ చురుగ్గా ఉన్నట్టనిపిస్తుంది, నిజమే. కానీ ఆ క్షణంలో క్లచ్ మీద పడే భారాన్ని డబ్బు ఖర్చు లేకుండా తగ్గించే ఏర్పాటు అది. పూర్తిగా తీసేయకుండా కొంత ఉంచుకోవడమే తెలివైన పని.

పది మిల్లీమీటర్ల తేడా

ఎల్ఎస్ ఇంజిన్ వెనక భాగంలోని బోల్టు రంధ్రాలు చాలావరకు పాత షెవర్లే ఇంజిన్లవే. ఒకటి రెండు తప్ప మిగిలినవి సరిపోతాయి. అయితే చాలా ఎల్ఎస్ ఇంజిన్లలో క్రాంక్ షాఫ్ట్ అంచు పాత ఇంజిన్ల కన్నా 0.4 అంగుళం, అంటే 10 మిల్లీమీటర్లు లోపలికి ఉంటుంది. వి6 వెనక ఉన్న పాత గేర్‌బాక్స్‌ను అలాగే తగిలిస్తే, ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌తో ఆయిల్ ద్వారా కలిపే టార్క్ కన్వర్టర్ ముక్కు క్రాంక్‌లో కూర్చోదు, నడిమికి ఆధారం లేకుండా వేలాడుతుంది. దీనికి క్రాంక్ మీద స్పేసర్, చదునైన ఫ్లెక్స్ ప్లేటు (క్రాంక్‌ను కన్వర్టర్‌తో కలిపే పలక), పొడవాటి బోల్టులు వాడతారు. సిల్వరాడో గేర్‌బాక్స్‌లోని ఇన్‌పుట్ షాఫ్ట్, పంపు, బెల్ హౌసింగ్, 300 మిల్లీమీటర్ల కన్వర్టర్ మొత్తం తెచ్చి వేయడం రెండో దారి. లోపల ఎలాగూ విప్పుతున్నప్పుడు రెండోదే శుభ్రమైన పద్ధతి.

కన్వర్టర్‌ను పంపులోకి చివరిదాకా కూర్చోబెట్టాలి. తిప్పుతూ నెడితే మెట్టు మెట్టుగా లోపలికి జారుతుంది. బెల్ హౌసింగ్ బిగించాక కన్వర్టర్‌కూ ఫ్లెక్స్ ప్లేటుకూ మధ్య మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఖాళీ లేకుండా బోల్టులతో దగ్గరికి లాక్కొచ్చారంటే పంపు అప్పుడే పగిలిందని లెక్క. ఇంజిన్ ఒక్క చుట్టు తిరగకముందే కొత్త గేర్‌బాక్స్ మళ్లీ టేబుల్ మీదికి వస్తుంది.

కన్వర్టర్ టార్క్‌ను పెంచే యంత్రం కూడా అన్నది మరిచిపోకూడదు. నిలబడిన బండి కదిలే క్షణంలో ఇంజిన్ టార్క్‌ను దాదాపు రెండింతలు చేస్తుంది. 440కి రెండింతలు, దానికి మొదటి గేరు 3.06 రెట్లు. వెనక షాఫ్ట్ మీద దాదాపు 2,700 న్యూటన్ మీటర్లు. ఎస్-10 వెనక యాక్సిల్ దానికి సిద్ధంగా ఉందా అన్నది వేరే ఖర్చుల పట్టిక.

వేడి విషయంలో రిపేరువాళ్లకు ఒక పాత సూత్రం ఉంది: ఆయిల్ 80 డిగ్రీల సెల్సియస్ దాటాక ప్రతి 11 డిగ్రీలకూ దాని ఆయుష్షు సగమవుతుంది. రేడియేటర్‌లోని చిన్న కూలర్‌కు తోడు బయట పెద్ద కూలర్ ఒకటి తప్పనిసరి. పాత గేర్‌బాక్స్ కాలిపోయి ఉంటే పాత కూలర్ గొట్టాల్లో ఆ పొడి ఇంకా ఉంటుంది. కడగకుండా కలిపితే కొత్త వాల్వ్ బాడీలోకి తిన్నగా వెళ్లి కూర్చుంటుంది.

ఎక్కడ ఆగాలి?

ఇన్ని మార్పులూ మంచి పార్టులతో చేయిస్తే ఖర్చు ఎక్కడికో పోతుంది. అప్పుడు 4ఎల్80ఇ గుర్తుకొస్తుంది. పాత టర్బో 400 వంశంలోంచి 1991లో వచ్చిన భారీ గేర్‌బాక్స్, పెద్ద లారీ పికప్‌ల కోసం చేసింది. తుక్కు యార్డు నుంచి తెచ్చిన మామూలు 4ఎల్80ఇ కూడా బాగా బలపరచిన 4ఎల్60ఇని మించి మోస్తుంది. కానీ బరువు ఖాళీగానే దాదాపు 107 కిలోలు, 4ఎల్60ఇ అయితే 66 చుట్టూ ఉంటుంది. మొదటి గేరు 2.48 మాత్రమే, కాబట్టి బయలుదేరేటప్పుడు ఆ దూకుడు ఉండదు. ప్రొపెల్లర్ షాఫ్ట్ కోయించాలి, క్రాస్ మెంబర్ మార్చాలి, చిన్న బండి టన్నెల్‌లో సుత్తితో చోటు చేయాలి. నా లెక్క ఇది: టర్బో లేకుండా 5.3 గానీ 6.0 గానీ వేసుకుని రోడ్డు మీద తిరిగేవాళ్లకు శ్రద్ధగా కట్టిన 4ఎల్60ఇ చాలు. టర్బో ఎప్పటికైనా పెడతామని మనసులో ఉంటే మొదటి రోజే 4ఎల్80ఇ కొనుక్కోవడం చవక.

ఇదంతా అమెరికా సంగతి. మన దేశంలో మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ అడ్డొస్తుంది. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు మొదట చెప్పినవాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో సొంత గ్యారేజీ ఉన్న తెలుగువాళ్లకు ఈ బెడద లేదు గానీ, ఆ రాష్ట్రపు పొల్యూషన్ నిబంధనలు ముందు చూసుకోవాల్సిందే.

గేర్‌బాక్స్ బండికెక్కాక ఖాళీగా ఉన్నదానికి మొత్తం ఆయిల్ 11 లీటర్ల చుట్టూ పడుతుంది. ఒకేసారి పోయకుండా, కొంత పోసి స్టార్ట్ చేసి, అన్ని గేర్లూ ఒకసారి తిప్పి, మళ్లీ పోయాలి. లెవెల్ ఆయిల్ వేడెక్కాకే, ఇంజిన్ నడుస్తుండగా పార్క్‌లో చూడాలి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు కాలు తేలిగ్గా ఉంచి, లాప్‌టాప్ కలిపి షిఫ్ట్ సమయాలు రికార్డు చేసుకోవాలి. రెండు నుంచి మూడుకు మారేటప్పుడు ఆర్‌పిఎం పడిపోవాలి. పడే ముందు రెండు వందలైనా పైకి ఎగబాకిందంటే క్లచ్ జారుతోంది. అప్పుడు ఇంకోసారి తొక్కి చూద్దాం అనుకోకుండా కాలు తీసేసి, ప్రెషర్ గేజ్ తగిలించి, పూర్తి థ్రాటిల్‌లో లైన్ ప్రెషర్ ఎంతుందో ముందు చూడాలి. అంకె తక్కువుంటే తప్పు పంపులోనో ట్యూనింగ్‌లోనో ఉంది. అంకె బాగుండి జారుతుంటే 3-4 ఆయిల్ దారిలో ఎక్కడో కారుతోంది. ఈ దశలో పట్టుకుంటే చాలావరకు ప్లేట్లు ఇంకా బతికే ఉంటాయి.